ఆలస్యంగా తిరిగిన చక్రం

మబ్బు పట్టిన రోజంటే నాకు భయం. వాన భయం కాదు. గాలి ఆడకుండా, ఎండ రాకుండా, ఆకాశానికి మూత పెట్టినట్టుండే రోజుల భయం. అలాంటి రోజున కొల్లేటి పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లలోని ఆక్సిజన్ పట్టపగలే పడిపోతుంది. ఊపిరాడక రొయ్య పైకి వచ్చేస్తుంది. అది మనిషి కంట పడేసరికి చాలాసార్లు వ్యవహారం చేయి దాటిపోయి ఉంటుంది.

నాకు చెరువులేం లేవు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి పోయారు. అమ్మ కూడా టీచరుగానే రిటైరయింది. ఏలూరులో అమ్మతో ఉంటూ, రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి, ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తాను. రైస్ మిల్లుల్లో, ఐస్ ప్లాంట్లలో, చెరువుల మీద మోటార్లు వేళకి వాటంతటవే తిరిగి ఆగేలా కంట్రోల్ బాక్సులు బిగించడం మా పని. నేను చేరేసరికే మా కంపెనీవాళ్లు మండవల్లి దాటాక ఒక పెద్ద చెరువుల కమతంలో ఆ ఏర్పాటు చేసేసి ఉన్నారు. దాన్ని చూసుకునే బాధ్యత నా మీద పడింది.

ఆ చెరువులు నడిపేది ఒకావిడ. భర్త పోయాక వరిచేలూ చెరువులూ రెండూ ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. చెరువు గట్టు మీదే ఇల్లు. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. వెళ్లినప్పుడల్లా అన్నం తినకుండా పంపేవారు కాదు.

ఏర్పాటు వినడానికి తేలికే. ఒక్కో చెరువులో నీటి ఆక్సిజన్ కొలిచే మీటరు ఉంటుంది. గట్టు మీద దానికో పెట్టె. మోటారు షెడ్డులో అన్నిటికీ కలిపి ఒక కంప్యూటరు. మీటరు చెప్పిన అంకె గట్టు మీది పెట్టె నుంచి వైర్‌లెస్‌లో షెడ్డుకు వెళ్తుంది. ఆక్సిజన్ తగ్గిందని కంప్యూటరు గ్రహిస్తే, "తిప్పు" అన్న మాట అదే దారిన వెనక్కి వస్తుంది. అప్పుడు నీళ్ల మీద తేలే ఏరియేటరు చక్రం తిరిగి నీటిని చిలుకుతుంది. ఇంట్లో కూర్చున్న పిన్నిగారైనా, ఏలూరులో ఉన్న నేనైనా ఫోన్లో అంకె చూసి స్టార్ట్ నొక్కవచ్చు. ఆ నొక్కుడు కూడా షెడ్డు దగ్గరి టవర్ మీదుగానే పోవాలి. అన్నిటికీ ఆ ఒక్క దారే.

అది బాగానే నడిచింది. తర్వాత చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యల దొంగతనాలు మొదలయ్యాయి. పిన్నిగారు గట్ల పొడుగునా కెమెరాలు పెట్టించారు. పెట్టినతను మంచివాడే. కొత్త టవర్ ఎందుకు దండగని, ఉన్న మా టవర్‌కే అన్నీ కలిపేశాడు. మామూలుగా చూసి వద్దామని వెళ్లిన రోజున నాకా సంగతి తెలిసింది.

"బొమ్మ ఎంత శుభ్రంగా వస్తుందో చూడమ్మా! రొయ్య మీసం కూడా కనపడేలా ఉంది," అని పిన్నిగారు ఫోన్ నా చేతికిచ్చారు.

ఆ బొమ్మలన్నీ మా చిన్న మాటలు పోయే దారిలోనే పోతున్నాయి. తిరిగొచ్చి మా సార్‌తో చెప్పాను. మా సార్ నెమ్మదైన మనిషి, ఎవరి మాటా కొట్టిపారేయరు. నెట్‌వర్క్ సరఫరా చేసినవాళ్లకి ఫోన్ చేశారు. వాళ్లు ఒక గ్రాఫ్ పంపారు. టవర్ మోయగలిగిన దాంట్లో సగం కూడా వాడటం లేదని అందులో ఉంది.

"చూశావుగా, ఇంకా బోలెడు ఖాళీ ఉందమ్మా," అన్నారు సార్.

"అది రోజు మొత్తం మీద సగటండీ. గట్టు రోడ్డు కూడా రోజు మొత్తం మీద చూస్తే ఖాళీగానే ఉంటుంది. రొయ్యలు పట్టే రోజున ఐసు లారీలన్నీ ఒక్కసారే వచ్చి నిలబడితే వెనకాల సైకిలు కూడా దూరదు. మనది ఆ సైకిలండీ. చిన్న మాటే, కానీ వేళకి చేరాలి."

సార్ వచ్చే నెల కెమెరాల్ని వేరు చేసే పని పెట్టుకుందామన్నారు. చేతి కింద వేరే పనులున్నాయి, అవీ అవసరమైనవే. నేను సరే అన్నాను. అప్పట్నుంచీ పొద్దున్న లేవగానే ముందు ఆకాశం, తర్వాత ఫోన్లో చెరువుల అంకెలు చూడటం అలవాటైపోయింది. రైల్లో చూసేదాన్ని. అన్నం తింటూ చూసేదాన్ని.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజులవి. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి బయటికొచ్చేసరికి ఏలూరు మీద మబ్బు గట్టిగా కమ్ముకుని ఉంది. ఆకు కదలటం లేదు. చీరలు ఒంటికి అతుక్కుపోతున్నాయి. అమ్మ ఎవరితోనో మాట్లాడుతూ ఉంటే నేను ఫోన్ తీశాను.

"ఇక్కడ కూడా ఆ ఫోనేనా?" అంది అమ్మ.

అంకెలన్నీ బాగున్నాయి. ఒక్క చెరువూ ప్రమాదంలో లేదు. హమ్మయ్య అనుకుని ఫోన్ సంచిలో పెట్టుకోబోతూ ఆగాను. ఇంత మబ్బులో అన్నీ అంత బాగా ఎందుకున్నాయి? మళ్లీ చూశాను. చెరువులో ఉన్న మీటరు ఎప్పుడూ ఒకే అంకె చెప్పదు. నీరు కదులుతుంది కాబట్టి చివరి అంకె అటూ ఇటూ తడబడుతూనే ఉంటుంది. ఇక్కడ ఏదీ తడబడటం లేదు. నేను చూస్తున్నది ఇప్పటి చెరువు కాదు. కొత్త అంకె రాక, ఎప్పటిదో పాత అంకె తెర మీద అలాగే నిలబడిపోయింది.

వెంటనే పిన్నిగారికి ఫోన్ చేశాను.

"పిన్నిగారూ, ఒక్కసారి గట్టు మీదికెళ్లి చెరువు చూడండి."

"ఏమ్మా? ఫోన్లో అన్నీ బాగానే ఉన్నాయిగా."

"ఫోన్ నమ్మకండి. మీ కళ్లతో చూడండి."

ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత "అయ్యో తల్లీ!" అన్న కేక. "రొయ్యలన్నీ గట్టు పక్కకొచ్చేశాయమ్మా. పైకి తేలిపోతున్నాయి. చక్రాలొక్కటీ తిరగటం లేదు!"

ఆవిడ ఫోన్లోనే స్టార్ట్ నొక్కడం మొదలుపెట్టారు. నేను కూడా నా ఫోన్ నుంచి నొక్కాను. ఒకసారి కాదు. తిరగని కొద్దీ ఇద్దరం మళ్లీ మళ్లీ నొక్కాం. ఈలోగా విషయం తెలిసి ఆవిడ తమ్ముడు హైదరాబాదు నుంచీ, చెల్లెలు భీమవరం నుంచీ, ఇంకెవరెవరో కెమెరాలు తెరిచి చెరువు చూడటం మొదలెట్టారట. కెమెరాల బొమ్మలతో అప్పటికే నిండిపోయిన దారిలో, అంతమందికీ బొమ్మలు పంపే హడావిడి తోడై మా చిన్న మాటలకి చోటే లేకుండా పోయింది. అది నాకు తర్వాత తెలిసిన సంగతి.

"పిన్నిగారూ, ఇక నొక్కొద్దు. గట్టు మీద పెట్టెల దగ్గరికెళ్లి, ఒక్కోటీ చేత్తో వేయండి."

"అదే చేస్తున్నానమ్మా," అన్నారావిడ రొప్పుతూ. ఒక చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకోటి.

"అన్నీ వేశారా?"

"చివర చెరువులోది ఒకటి ఉందమ్మా. దానికి నాచూ తాడూ చుట్టుకుపోయాయి. మన మేస్త్రి తెప్పేసుకుని వెళ్లాడు, కోసేస్తన్నాడు."

మేస్త్రి అంటే ఆ చెరువుల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయన. నవ్వించే మనిషి. నేను వెళ్లినప్పుడల్లా "మేడంగారూ, మీ పెట్టెలొచ్చాక నాకు నిద్ర ఎక్కువైపోయిందండీ," అనేవాడు.

"ఆ చక్రం పెట్టెకి కరెంటు కట్టేశారా?" అని అడిగాను.

"అది తిరగటమే లేదుగా. కట్టేదేముంది?"

అప్పుడు తట్టింది నాకు. మేం నొక్కిన నొక్కులు ఎక్కడికీ పోలేదు. చేరలేదంతే. దారిలో ఎక్కడో వరసలో నిలబడి ఉన్నాయి. దారి కాస్త తెరుచుకుంటే ఒక్కొక్కటిగా వచ్చి చెరువు చేరతాయి. ఆ పెట్టె ఇంకా ఆటోమేటిక్‌లోనే ఉంది, చేతి స్విచ్ మీద లేదు. మాట వస్తే పాతదా కొత్తదా అని అది అడగదు. తిప్పేస్తుంది.

"పిన్నిగారూ, ఆయన్ని పక్కకి రమ్మనండి! చక్రం ముట్టుకోవద్దనండి! ముందు ఆ పెట్టె కట్టేయండి!" అని అరిచాను. చర్చి ముందు నిలబడ్డవాళ్లంతా నా వైపు తిరిగారు. అమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

అవతల పిన్నిగారు ఆయన్ని పిలుస్తున్నారు. "ఏవయ్యా! వదిలెయ్యి! ఇవతలికి రా!" మిగతా చక్రాలన్నీ అప్పటికే తిరుగుతున్నాయి. ఆ హోరులో ఆవిడ గొంతు నాకే సరిగా వినపడటం లేదు, చెరువు మధ్యలో ఉన్నాయనకి ఏం వినపడుతుంది? ఆవిడ పరిగెడుతున్నట్టు తెలుస్తోంది. పెట్టె గట్టుకి అవతలి కొసన ఉంది. ఆ పరుగు నాకు ఎంతకీ తరగలేదు.

ఒక కేక వినపడింది. అది ఆడగొంతు కాదు. ఫోన్ కట్ అయిపోయింది.

నేను మళ్లీ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. అమ్మ నన్ను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. ఫోన్ తను తీసుకుని తనే నంబర్ నొక్కుతూ ఉంది. ఆ మనిషికి ఏమైందో తెలియకుండా కూర్చున్న ఆ కాసేపు ఎంతసేపో నేను చెప్పలేను. ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. తాగానో లేదో గుర్తులేదు.

చివరికి పిన్నిగారే చేశారు. "బతికున్నాడమ్మా. చెయ్యి దెబ్బతింది. కారులో ఏలూరు తీసుకొస్తన్నాం."

ఆస్పత్రికి మేం ముందు చేరాం. వాళ్లొచ్చాక చూశాను. ముంజేతికి పిన్నిగారి పమిట చెంగు చింపి కట్టిన కట్టు, దాని నిండా రక్తం. బట్టల నుంచి ఇంకా చెరువు నీళ్లు కారుతున్నాయి. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట, "నేనేం నొక్కలేదండీ మేడంగారూ. దానంతటదే తిరిగేసిందండీ."

"మీ తప్పేం లేదు బాబాయ్. మాట్లాడకండి," అన్నాను.

ముంజేతి ఎముక విరిగింది. లోతుగా చీరుకుంది. తెప్ప వెనక్కి జారడం వల్ల చెయ్యి పూర్తిగా లోపలికి పోలేదట. డాక్టరుగారు వేళ్లు కదిలించి చూపించమన్నప్పుడు మేమందరం ఆ వేళ్లనే చూశాం. కదిలాయి. పిన్నిగారు గోడకి ఆనుకుని అలాగే కిందికి కూలబడి ఏడ్చేశారు.

సాయంత్రానికి ఆయన భార్య వచ్చింది. సన్నటి మనిషి. భర్తని చూసి వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ మేడంగారూ, ఎవరు ఆన్ చేశారండీ?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది. ఆ క్షణాన ఎవరూ ఆన్ చేయలేదు. అంతకుముందెప్పుడో చేసింది అప్పుడొచ్చింది. ఈ మాట ఒక భార్యకి ఎలా చెప్పాలి?

"మేమే నొక్కామండీ," అన్నాను. "పిన్నిగారూ నేనూ. కానీ అప్పుడు కాదు. ఆయన నీళ్లలో దిగకముందు. అప్పుడు తిరగలేదు. ఆ మాట దారిలో ఇరుక్కుపోయి, ఆయన దిగాక వచ్చింది."

ఆవిడ బెంచీ మీద నా వైపు తిరిగింది.

"మరి అది వెనక్కి తీసుకోవడం కుదరదాండీ? వద్దని?"

"ఇప్పుడు కుదరదండీ. కుదిరేలా చేస్తాను."

అలా అనేశాను గానీ ఆ రాత్రంతా నాకు భయమే. మాట ఇచ్చేశాను. మా సార్ ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకున్నా నా వల్ల అవుతుందో లేదో తెలియదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి సార్ ముఖం పీక్కుపోయి ఉంది. ఆయనా నిద్రపోయినట్టు లేరు. "కెమెరాలు తీయించేస్తున్నానమ్మా. ఇవాళే," అన్నారు.

"తీయించండి సార్. కానీ అది ఒక్కటే చాలదండీ. ఇవాళ కెమెరాలు, రేపు ఇంకోటి. ఎవరో ఒకరు ఏదో ఒకటి కలుపుతూనే ఉంటారు. పదిమందీ వాడుకునే దారిలో మాట ఆలస్యం కావచ్చని ముందే ఒప్పుకుని కట్టాలి సార్. ఆలస్యమైనా ఎవరి చెయ్యీ విరక్కూడదు."

"ఏం చేద్దామంటావు?"

రైల్లో ఆలోచించుకున్నదంతా చెప్పాను. తిప్పమని పంపే ప్రతి మాట మీదా అది బయల్దేరిన వేళ రాసి ఉండాలి. గట్టు మీది పెట్టె ఆ వేళ చూసి, మాట పాతబడితే పారేయాలి. ఆక్సిజన్ తగ్గితే షెడ్డుని అడగకుండా ఆ పెట్టే తన చక్రాన్ని తిప్పుకోవాలి. కొత్త అంకె రాకపోతే తెర మీద పాతది నిలబెట్టకూడదు, ఖాళీ చూపించాలి. చక్రం తిరిగేముందు పెద్దగా కూత పెట్టాలి. ప్రతి చెరువు దగ్గరా ఒక ఫ్యూజు ఉండాలి, మనిషి దాన్ని చేత్తో తీసేస్తే ఎంత పెద్ద కంప్యూటరు చెప్పినా చక్రానికి కరెంటు అందకూడదు.

సార్ అంతా విన్నాక, "గ్రాఫ్ చూసి నేనే పొరబడ్డాను," అన్నారు. ఆ తర్వాత మిగతా పనులు పక్కనపెట్టి ఇద్దరం దీని మీదే కూర్చున్నాం.

ఆ పని జరిగినన్నాళ్లూ పిన్నిగారు చెరువుల మీద మనుషుల్ని కాపలా పెట్టి, చక్రాలన్నీ చేత్తోనే నడిపించారు. చివరి చెరువులో రొయ్య చాలావరకు పోయింది. మిగతా చెరువుల్లోవి బతికాయి. పోయినదాని గురించి ఆవిడ నాతో ఒక్క మాట కూడా ఎత్తలేదు.

పరీక్ష చేసే రోజున సార్ కూడా వచ్చారు. మేస్త్రి చెయ్యి మెడకి వేలాడేసుకుని, భార్యతో కలిసి వచ్చి గట్టు మీద తుమ్మచెట్టు నీడలో నిలబడ్డాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆ రోజు ఏం జరిగిందో మళ్లీ అదే చేయించాం. కెమెరాలన్నీ కలిపి, అందరి ఫోన్లలో బొమ్మలు తెరిపించాం. దారి నిండిపోయింది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే మాయమై ఖాళీ గళ్లు వచ్చాయి. అప్పుడు నేను చివరి చెరువు చక్రానికి స్టార్ట్ నొక్కాను.

తిరగలేదు. తిరగదని తెలుసు. అసలు పరీక్ష ఇక ముందుంది. మళ్లీ నొక్కాను. పిన్నిగారు నొక్కారు. కాసేపాగి కెమెరాలన్నీ కట్టేయించాను. దారి తెరుచుకుంది. ఇప్పుడు ఆ పాత మాటలన్నీ చెరువుకి వస్తాయి.

అందరం ఆ చక్రం వైపే చూస్తున్నాం. నీళ్ల మీద కొంగ ఒకటి వాలి, మళ్లీ లేచిపోయింది. ఏమీ జరగకూడదని అంత కోరికగా నేనెప్పుడూ దేని వైపూ చూడలేదు.

చక్రం కదలలేదు. పెట్టె తెరిచి చూశాను. మాటలన్నీ వచ్చాయి. పాతవని తెలిసి అన్నిటినీ పారేసింది.

"అయిపోయిందాండీ?" అని అడిగాడు మేస్త్రి.

"అయిపోయింది బాబాయ్."

"ఏం జరగలేదుగా?"

"అదే కావాల్సింది."

ఆయన నవ్వలేదు. తల ఊపాడు. తర్వాత అప్పటికప్పుడు స్టార్ట్ నొక్కి చూపించాను. కూత వేసింది, ఆగింది, చక్రం తిరిగింది. ఆ కూత వినగానే ఆయన రెండడుగులు వెనక్కి వేయడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

కెమెరాలకి ఇప్పుడు వేరే టవర్ ఉంది. కట్టు విప్పాక మేస్త్రి కొన్నాళ్లు మేత గోడౌన్‌లోనే పనిచేశాడు. తర్వాత తనే అడిగి చెరువుల మీదికి వచ్చాడు. చెయ్యి పూర్తిగా మునుపటిలా లేదు. బరువెత్తితే నొప్పంటాడు. నీళ్లలో దిగేముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. పైకి వచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వడు, పిన్నిగారు అడిగినా సరే.

మిగతా చెరువులకి కూడా మా సార్ అదే పద్ధతి పెట్టించారు. పెదపాడు వైపు ఒక చోట కొత్తగా కెమెరాలు కలిపారని తెలిసిన రోజున ఆయనే కారేసుకుని వెళ్లి విప్పించి వచ్చారు.

నా మనసు మాత్రం నెమ్మదించలేదు. రాసిన ప్రోగ్రాంలో నాకు తట్టనిది ఇంకేదో మిగిలి ఉందేమోనని రైల్లో కూర్చుని వెతుక్కుంటాను. అమ్మ తిడుతుంది.

మబ్బు పట్టిన రోజున నాకు ఒక ఫోన్ వస్తుంది. చేసేది మేస్త్రి భార్య. ముందు అమ్మ ఆరోగ్యం అడుగుతుంది, వర్షం పడుతుందా అని అడుగుతుంది. చివరికి అసలు మాటకొస్తుంది.

"ఏవండీ మేడంగారూ, ఇయ్యాల ఆయన నీళ్లలో దిగొచ్చాండీ?"

నేను ఫోన్లో చెరువులన్నీ ఒకసారి చూస్తాను. తర్వాత మళ్లీ చూస్తాను.

"ఫ్యూజు తీశాక దిగమనండి," అంటాను.

"తీస్తాడండీ," అంటుంది. అన్నా వెంటనే ఫోన్ పెట్టేయదు. నేనూ పెట్టేయను.